ఇరవై మూడో బిళ్ల

ఎమ్మిగనూరు పాళెంలో తిప్పమ్మకు ఒక విద్య ఉండేది. లేసు బిళ్ల ఒకటి అరచేతిలో పెడితే చాలు, కళ్లు మూసుకుని దాని అంచు వేలితో తడిమి, ఇది ఫలానా ఇంటి ఆమె అల్లిందని చెప్పేది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అల్లేటప్పుడు ఆమె మొగుడితో తగువులో ఉందా, వాన పడిందని సంతోషంగా ఉందా అన్నది కూడా చెప్పేది. కోపంలో ఉన్న చెయ్యి దారాన్ని బిగించి లాగుతుంది, తృప్తిగా ఉన్న చెయ్యి వదులుగా పోనిస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు. అయినా తమ సంసారాల గుట్టంతా తిప్పమ్మ వేలి కొసన ఉందని పాళెం ఆడవాళ్లు కొంచెం జంకేవారు.

లేసు పని అక్కడికి తెచ్చింది మిషను దొరసాని. పొలం పనులు లేని రోజుల్లో ఆడవాళ్లు ఊరికే కూర్చోవడం ఆమె చూడలేకపోయింది. నిజానికి వాళ్లు ఏనాడూ ఊరికే కూర్చున్నవాళ్లు కారు, దొరసాని వచ్చే వేళకు కాస్త నడుం వాల్చేవాళ్లు, అంతే. ఆమె కొక్కెం సూదులూ తెల్లదారం రీళ్లూ పంచిపెట్టి నేర్పింది. ముందు గొలుసు, గొలుసును ముడిచి గుండ్రం, గుండ్రం చుట్టూ రేకలు, రేకల చుట్టూ మళ్లీ గొలుసు. అరచేయంత బిళ్ల తయారయ్యేది. బిళ్లలు ఎవరింట్లో వాళ్లు అల్లుకునేవారు గానీ, వాటిని పోగుచేసి అంచుకు అంచు పట్టించి రవికో, గౌనో, భుజాల మీది పైబట్టో చేసేది మాత్రం ఒక్కరే. ఆమెను కలిపే ఆమె అనేవారు. తయారైనవి ఆదోని బంగళాకు పోయి, అక్కడి నుంచి దూది వ్యాపారుల ఇళ్లకూ, సముద్రం అవతలికీ చేరేవి.

మొదట్లో కలిపే పని హులిగెమ్మది. హొళగుంద వైపు నుంచి వచ్చిన కోడలు, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది. తిప్పమ్మ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. తిప్పమ్మ చేతికి మొట్టమొదట సూది ఇచ్చి, వేలికి దారం చుట్టి చూపించిందీ ఆమే. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే గోడ నీడలో కూర్చునేవారు. నీడ జరిగితే వాళ్లూ జరిగేవారు. పొద్దు గూకే వేళకు అటు చివర ఉండేవారు.

అలా ఉండగా, పంతొమ్మిది వందల ముప్పై నాలుగు ఎండాకాలంలో, ఆదోని నుంచి ఒక పెళ్లి రవిక పని వచ్చింది. అదే వారం హులిగెమ్మ మూడేళ్ల కూతురు జ్వరం తగిలి పోయింది. పాతిపెట్టి వచ్చిన నాలుగో రోజే ఆమె సూది పట్టుకుంది, ఊరికే కూర్చుంటే ఊపిరి ఆడటం లేదని. రవిక పూర్తయింది. దొరసాని దాన్ని బల్ల మీద పరిస్తే పరుచుకోలేదు, నడుమ బోర్లించిన మూకుడులా పొంగి కూర్చుంది. దొరసాని పెదవి విరిచింది. అప్పుడు పద్దెనిమిదేళ్ల తిప్పమ్మ ముందుకు వచ్చి రవిక అందుకుంది. కలిపిన దారం కొస పట్టి లాగి బిళ్లలన్నీ విడదీసింది. బిగువు చేతులవి ఒక పక్క, వదులు చేతులవి ఒక పక్క నేల మీద పేర్చుకుని, ఒకటి విడిచి ఒకటిగా పొద్దు వాలేలోగా మళ్లీ కలిపింది. రవిక చక్కగా పరుచుకుంది. అక్కడితో ఆగినా సరిపోయేది.

“హులిగెమ్మక్క సేతికి బిళ్లల కొలత తెలీదు దొరసానమ్మా” అన్నది తిప్పమ్మ.

ఆ కలిపిన దారంలో అంత బిగువు ఎందుకు వచ్చిందో తిప్పమ్మకు వేలు పెట్టగానే తెలిసింది. ఏ తల్లి చేతికైనా ఆ వారంలో అంతే వచ్చేది. తెలిసే అన్నది. నలుగురిలో మెప్పు మొదటిసారి దొరికిన పిల్ల, నాలుక మీద అదుపు లేకపోయింది. కలిపే పని ఆ పొద్దే తిప్పమ్మదయింది. హులిగెమ్మ మరుసటి రోజు నుంచి గోడ నీడకు రాలేదు. తొమ్మిదేళ్లు తిప్పమ్మతో మాట్లాడనూ లేదు.

ఆ పాళెంలో ఒక ఆచారం పుట్టుకొచ్చింది. దొరసాని నేర్పింది కాదు, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఒక ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉందంటే మిగతా ప్రతి ఇల్లూ తలా ఒక బిళ్ల ఇవ్వాలి. అవన్నీ కలిపి పుట్టబోయే బిడ్డకు అంగీ చేస్తారు. ఏ ఇంటి బిళ్ల తక్కువైతే ఆ ఇంటి దీవెన తక్కువైనట్టు. ఇంకొకటి, తల్లి తన బిడ్డ అంగీని తాను కలపకూడదు. తొమ్మిదేళ్లలో తిప్పమ్మ ఎందరి పిల్లలకో అంగీలు కలిపింది. తన ఒళ్లో మాత్రం అంగీ తొడగడానికి ఎవరూ లేరు. భర్త యేసేపు ఆదోనిలో దూది మిల్లులో పని చేసేవాడు, శనివారం వచ్చి సోమవారం పోయేవాడు. అతను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ బాధగా ఉండేది.

నలభై మూడులో, ఆశ వదులుకున్నాక, తిప్పమ్మ కడుపు పండింది. యుద్ధం రోజులు. దారం రీళ్లు ఓడల్లో రావడం మానేశాయి. అయినా పాళెం ఆడవాళ్లు పాత బిళ్లలు విప్పి, ఆ దారంతోనే కొత్తవి అల్లి, ఒకరి వెనక ఒకరు తెచ్చి ఆమె బుట్టలో వేశారు. ఆమె ఇల్లు కాక పాళెంలో ఇరవై మూడు ఇళ్లు. బుట్టలో ఇరవై రెండు బిళ్లలు చేరాయి. రానిది ఎవరిదో చెప్పనక్కర్లేదు. పైగా కలపడం వచ్చిన రెండో మనిషి కూడా పాళెంలో ఆమె ఒక్కతే.

ఆ మధ్యాహ్నాలు తిప్పమ్మ బిళ్లలు నేల మీద పరుచుకుని పక్కనే పడుకునేది. గవాక్షంలోంచి వెలుగు పడి బిళ్లల నీడలు మట్టినేల మీద ఇంకో వరస బిళ్లలయ్యేవి. కళ్లు మూతలు పడేవి. అప్పుడు అవి మెల్లగా లేచి నల్లరేగడి చేల మీదుగా, పగిలిన పత్తి మీదుగా పోతున్నట్టు ఉండేది. ప్రతి బిళ్ల నడుమ గుండ్రంలోంచి ఒక ముఖం తొంగి చూసేది. ఒక్కచోట మాత్రం బిళ్ల ఉండేది కాదు, అక్కడ ఆకాశం కనిపించేది. ఆమె ఆ ఖాళీ వైపు నడిచేది. ఎంత నడిచినా అది అంతే దూరంలో ఉండేది. మెలకువ వచ్చేసరికి చెంప కింద చాప గీతలు పడి ఉండేవి.

తానే పోయి అడగాలని రెండుసార్లు హులిగెమ్మ వాకిలి దాకా పోయింది. రెండుసార్లూ అక్కడ ఏదో పని ఉన్నట్టు పక్క సందులోకి తిరిగింది. చివరికి మంత్రసాని లింగమ్మ చేతికి బుట్ట ఇచ్చి పంపింది.

“ఏమన్నాదత్తా?” అని అడిగింది తిప్పమ్మ, లింగమ్మ తిరిగి రాగానే.

“ఏమీ అన్లేదు. బుట్ట తీసి లోపల పెట్టుకున్యాది” అన్నది లింగమ్మ. “ఇయ్యల్యా, వొద్దన్ల్యా. నువ్వు గమ్మునుండు.”

నెల దాటినా కబురు లేదు. అంతలో, ఎనిమిదో నెల ఇంకా రాకముందే, ఒక ఉదయం తిప్పమ్మకు నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. ఏడుపు కూడా సరిగా రాలేదు. యేసేపు కబురు అందగానే మిల్లు నుంచి గింజ తీసిన మెత్తని దూది మూట కట్టుకుని వచ్చినాడు. లింగమ్మ పిల్లను ఆ దూదిలో చుట్టి పెట్టింది. దూది జారిపోతూ ఉంది. గుడ్డ కడితే పిల్లకు బరువు, కట్టకపోతే చలి.

“దూది నిలవాలంటే పైన ఏదన్నా తేలికది ఉండల్ల” అన్నది లింగమ్మ.

వాకిట్లో చప్పుడైంది. హులిగెమ్మ బుట్టతో లోపలికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా పిల్ల పక్కన కూర్చుంది. దూది మీదుగా ఎద చుట్టూ దారం తిప్పి కొలత చూసింది. బుట్టలోంచి బిళ్లలు తీసి వేళ్లతో నలిపి నలిపి, మెత్తనివి పది ఏరుకుంది. సూది ఆడుతుంటే తిప్పమ్మ పడుకున్న చోటి నుంచి చూస్తూ ఉంది. ఆ చేతికి కొలత తెలియదని తాను అన్నది. పిల్ల మీద ఈగ వాలినంత బరువు కూడా పడకుండా, దూది మీదనే, ఎనిమిది బిళ్లలు చుట్టూ, భుజానికొకటిగా రెండు పైనా కలిపేసింది హులిగెమ్మ. అంగీ తొడిగినట్టు లేదు, పిల్ల చుట్టూ అంగీ దానంతట అదే కుదురుకున్నట్టు ఉంది.

తిప్పమ్మ ఆ పది బిళ్లలనూ చూపుతోనే తడిమింది. హులిగెమ్మది లేదు.

“అక్కా, నీది ఎయ్యలేదే” అన్నది, తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాటగా.

“నాది ఆఖరిది” అన్నది హులిగెమ్మ సూది తుడుచుకుంటూ. “పిల్ల పెరిగేకొద్దీ ఇప్పి ఒక్కొక్కటే కలుపుతా. ఇరవై రెండూ పట్టినంక నాది పడతాది. అంతవరకూ పెరగాల్సిందే, వేరే దారి లేదు దీనికి.”

ఆ మాట దీవెనో బెదిరింపో తిప్పమ్మకు తెలియలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుని ఏడ్చింది.

ఎనిమిదో రోజు మిషను అయ్యగారు ఇంటికే వచ్చి పిల్లకు రూతమ్మ అని పేరు పెట్టినాడు. ప్రార్థన గుడిదాకా తీసుకుపోయే ధైర్యం ఎవరికీ లేదు. మొదటి రెండు నెలలూ తిప్పమ్మకు పగలూ రాత్రీ ఒకటే. పిల్ల ఊపిరికి అంగీ రేకలు కదులుతున్నాయా లేదా అని చూడటమే ఆమె పని. కదిలితే బతికి ఉన్నట్టు. చూసి చూసి కళ్లు మసకబారితే రేకలు నిజంగానే పూలయ్యేవి, గాలికి ఊగేవి. ఉలిక్కిపడి వేలు పెట్టి చూసుకునేది.

మూడో నెలలో హులిగెమ్మ వచ్చింది. దారంతో ఎద కొలిచి, ఒక పక్క విప్పి, రెండు బిళ్లలు కలిపింది. తిప్పమ్మకు గుండె మీది రాయి దిగినట్టయింది. ఆ పైన ప్రతి నెలా వచ్చేది. ఒక నెల రెండు, ఒక నెల ఒకటి. పిల్లకు దగ్గు పట్టిన నెల దారం చుట్టి చూసి, ఒక్కటీ కలపకుండా లేచి పోయింది. ఆ పొద్దంతా తిప్పమ్మ అన్నం ముట్టలేదు. మరుసటి నెల మూడు కలిపింది.

అలా వచ్చి కూర్చున్న ఒక మధ్యాహ్నం తిప్పమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది.

“ఆ పొద్దు దొరసానమ్మ ముందర నేను అట్లా అనుండకూడదక్కా. నీ సెయ్యి ఎందుకు బిగిసిందో నాకు తెలుసు. తెలిసే అన్న్యాను.”

హులిగెమ్మ సూది ఆగింది.

“నీకు తెలుసని నాకూ తెలుసు” అన్నది. “అందుకే అన్నేండ్లు పట్టింది.” తర్వాత దారం లాగి, “పిల్ల ఆకలికి ఏడుస్తాంది సూడు, పాలియ్యి” అన్నది.

అంతే. క్షమించానన్న మాట ఆమె నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. కానీ తర్వాతి నెల వచ్చినప్పుడు మధ్యాహ్నం ఎండ వాకిట్లోకి రాగానే, చాప పట్టుకుని తానే గోడ నీడలోకి జరిగింది. తిప్పమ్మ పిల్లను ఎత్తుకుని పక్కన కూర్చుంది. నీడ జరిగినప్పుడల్లా ముగ్గురూ జరిగారు.

రూతమ్మకు ఏడాది నిండేసరికి ఇరవై రెండు బిళ్లలూ పట్టాయి. గొంతు కింద అరచేయంత చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. తన బిళ్లను హులిగెమ్మ ఎప్పుడో అల్లి చీర కొంగున ముడి వేసి పెట్టుకుందని పాళెమంతటికీ తెలుసు. పదమూడో నెలలో వచ్చి కొలిచి, “ఇంగా కాలేదు” అన్నది. పద్నాలుగో నెలలోనూ అదే మాట.

పదిహేనో నెలలో రూతమ్మ గోడ పట్టుకుని నడుస్తూ ఎదురు వచ్చింది. అంగీ పైకి ఎగబాకి బొజ్జ సగం బయటే ఉంది. చంకల్లో బిళ్లలు బిగిసి చారలు పడుతున్నాయి. కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది, ఇంకో నెల పోతే ఆ అంగీ ఆ పిల్లకు ఎక్కను కూడా ఎక్కదు. హులిగెమ్మ పిల్లను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, ఎద చుట్టూ దారం తిప్పింది. ఒకసారి చూసింది. మళ్లీ తిప్పింది. ఆ చేతికి కొలత తెలియకపోవడం అంటూ ఉండదు. రెండో చెయ్యి కొంగు ముడి మీద ఉంది. ముడి విప్పడం లేదు, గట్టిగా పట్టుకుని ఉంది.

ఆ బిళ్ల కలిపేస్తే వచ్చే నెల ఈ ఇంటికి రావడానికి ఆమెకు ఏ పనీ ఉండదు. తిప్పమ్మకు ఆ సంగతి అప్పుడు అర్థమైంది. తాను ఎదురు చూసి చూసి, కలలో కూడా ఎంత నడిచినా చేరలేకపోయిన ఆ ఖాళీ పిల్ల గొంతు కింద అలాగే ఉంది. దాంట్లోంచి రూతమ్మ నల్లని ఒళ్లు నిగనిగలాడుతూ కనిపిస్తోంది.

“ఇంగా కాలేదు” అన్నది హులిగెమ్మ తల ఎత్తకుండా.

ఎమ్మిగనూరులో కొలత తిప్పమ్మ కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

“అవునక్కా” అన్నది తిప్పమ్మ. “ఇంగా కాలేదు. వచ్చే నెల సూద్దాం.”