తలుపు పట్టుకునే మనుషులు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, ఎండాకాలంలో నన్ను నానక్‌రామ్‌గూడలోని ఒక అద్దాల బిల్డింగుకు హెడ్ గార్డుగా వేశారు. అంతకుముందు కొత్తగూడ దగ్గర ఒక అపార్టుమెంటు గేటు చూసేదాన్ని. అక్కడ వచ్చేపోయే బండ్లతో పని. ఇక్కడ నాకు అప్పగించింది మూడో అంతస్తులో ఒక అద్దం తలుపు. దాని పక్కన గోడకు చిన్న డబ్బా ఉంటుంది. ఉద్యోగి మెడలో వేసుకున్న కార్డు దానికి చూపిస్తే పచ్చ దీపం వెలిగి తలుపు తెరుచుకుంటుంది. కార్డు చెల్లకపోతే ఎర్ర దీపం పడుతుంది.

ఒకరి కార్డు మీద ఇద్దరు లోపలికి పోవడం మా పనిలో పెద్ద తప్పు. దాన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. ఎవరి కార్డు వాళ్లే చూపించాలి, ముందు పోయినవాళ్లు వెనకవాళ్ల కోసం తలుపు పట్టుకోకూడదు. చెప్పడానికి సులువే. వెనక తెలిసిన మనిషి వస్తుంటే తలుపు వదిలేయడం మనవాళ్లకు ఎంత కష్టమో ఆ స్టూలు మీద కూర్చుంటే తెలుస్తుంది. గార్డుతో వాదనకైనా దిగుతారు గానీ వెనక వచ్చే మనిషి మొహం మీద తలుపు వేయరు.

ఈ తప్పు అందరికంటే ఎక్కువగా చేసేది ప్రసాద్ గారు. కాకినాడ వైపు మనిషి, నలభై దాటినవాడు, ఒక టీముకు లీడ్. కిందికి పోయి టీ తాగి వచ్చేటప్పుడు భుజంతో తలుపు ఆపి, తన టీమంతా లోపలికి పోయేదాకా నిలబడేవాడు.

"సార్, నా డ్యూటీ మీరే చేస్తున్నరు. ఇగ నాకు స్టూలెందుకు, ఇంటికి పోత," అనేదాన్ని.

"కూర్చోండమ్మా, నాకు అలవాటేనండి. ఇంట్లోనూ తలుపులు తియ్యడం నా పనే, మాట మాత్రం నెగ్గదు," అని నవ్వేవాడు.

ఆ టీములో ఎవరికీ తలుపు పట్టుకోని మనిషి కవిత ఒక్కతే. సిద్దిపేట పిల్ల. కార్డు చూపిస్తుంది, వెనక్కి చూడకుండా పోతుంది. ఏసీ తగ్గించాలని ఆమె, పెంచాలని ప్రసాద్ గారు, రోజూ ఇద్దరికీ గొడవే. నా రూలు పాటించేది ఆమె ఒక్కతే అయినా, పొగరు పిల్ల అని నేను లోపల అనుకునేదాన్ని.

ఉద్యోగాలు తీసేసే రోజున మాకు పొద్దున్నే తెలుస్తుంది, ఎవరివో తెలియదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ వచ్చి, ఎర్ర దీపం పడినవాళ్లను లోపలికి వదలొద్దని, కార్డు తీసుకోమని, వాళ్ల సామాను హెచ్‌ఆర్ వాళ్లే సర్ది ఇంటికి పంపుతారని చెప్పి పోతాడు. అలాంటి ఒక రోజు మధ్యాహ్నం ప్రసాద్ గారు టీ తాగి పైకి వచ్చాడు. వెంట వంశీ అనే కుర్రాడు, ఇంకో ఇద్దరు. కార్డు చూపించాడు, ఎర్ర దీపం పడింది. ప్యాంటుకు తుడిచి మళ్లీ చూపించాడు. మళ్లీ ఎరుపే.

వంశీ తన కార్డు చూపించాడు. పచ్చ. లోపలికి అడుగు పెట్టాడు.

"వంశీ, నా బ్యాగు కాస్త ఇలా అందివ్వవయ్యా. అన్నం డబ్బా, ఇన్సులిన్ అందులోనే ఉన్నాయి. పొద్దున మందు వేసుకున్నాను, ఇప్పుడు తినకపోతే కళ్లు తిరుగుతాయి."

"హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండన్నా. ప్రాసెస్ కదా," అన్నాడు వంశీ. తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఆ రోజు దాన్ని చేత్తో లాగి మరీ మూశాడు. మిగతా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కార్డులు చూపించి పోయారు.

ప్రసాద్ గారు ఫోను తీసి చూశాడు. ఆఫీసు మెయిల్ తెరుచుకోలేదు. అప్పుడు అర్థమైంది ఆయనకు. నుదుటి మీద చెమట పట్టింది. నా స్టూలు మీద కూర్చోబెట్టి, నా దగ్గరున్న బిస్కెట్లు ఇచ్చి, కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. హెచ్‌ఆర్ వాళ్లు మీటింగులో ఉన్నారు, ఆగమను అన్నారు. నేను తలుపు వదిలి కదలడానికి లేదు.

ఆ కాసేపట్లో చాలామంది వచ్చారు. ఆయన భుజం ఆపిన తలుపులోంచి రోజూ పోయినవాళ్లే. ఒక్కరూ ఆయన వైపు చూడలేదు. అందరూ చూసింది గోడ మీది దీపాన్ని. అంతకుముందు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ రోజు పచ్చగా వెలిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

అంతలో కవిత వచ్చింది. "ఏమైందక్కా సార్‌కు?" అంది. చెప్పాను.

"బ్యాగ్ ఏ రంగుది?"

"బ్యాగ్ వద్దు, ల్యాప్‌టాప్ ఉంటది, దాటనియ్య. డబ్బా, మందుల సంచి తే. చూసి ఇస్త," అన్నాను.

తెచ్చింది. రెండూ తెరిచి చూసి ఆయన చేతికిచ్చాను.

"నువ్వా కవితా!" అన్నాడాయన.

"ముందు తినుండ్రి సార్. ఏసీ ఇగ నా ఇష్టం," అంది. ఆయనకు నవ్వొచ్చింది.

ఆయన అన్నం తింటుంటే ఆమెను పక్కకు పిలిచి అడిగాను, భయం కాలేదా అని.

"నాకేం ఫికరక్కా? పోయిన వారమే రాజీనామా పెట్టిన. శుక్రవారం ఆఖరి రోజు. ఇంటి కిరాయికి ఫికర్ పడేటోళ్లు వాళ్లు," అని లోపలికి పోయింది.

ప్రసాద్ గారు తిని, చేయి కడుక్కుని వచ్చి, మెడలోంచి కార్డు తీశాడు. తీసుకోవడం నా పని, తీసుకున్నాను. లిఫ్టులో ఆయన కంటే ముందు ఎవరో ఎక్కారు. ఆ తలుపును ఆయన కోసం ఎవరూ ఆపలేదు, ఆయనే పరుగున వెళ్లి పట్టుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లు నాకు పనే లేదు. ఎవరి కార్డు వాళ్లే చూపించారు. భయం చల్లారాక మళ్లీ తలుపులు పట్టుకోవడం మొదలైంది, మొదట పట్టుకున్నది వంశీయే. "కార్డు సార్," అన్నాను ఎప్పటిలాగే.

వంశీని నేను చెడ్డవాడనుకోలేదు. కవిత పొగరు పిల్ల కాదని తెలిసింది గానీ, రాజీనామా పెట్టకముందైతే ఆమె ఏం చేసేదో నాకు తెలియదు, ఆమెకూ తెలియదేమో. కొత్తగా వచ్చే గార్డు అమ్మాయిలకు పని నేర్పేటప్పుడు ఇదొకటి చెప్పేదాన్ని: తలుపు పట్టుకున్నాడని ఒకణ్ణి మంచివాడనుకోకండి, వేసేశాడని చెడ్డవాడనుకోకండి. ఆ పూట అతనికి పోయేదేముందో చూడండి. అది తెలియకపోతే కార్డు చూసి ఊరుకోండి.