బట్ట మీద పరిచిన గేర్‌బాక్సు

ఆ ఆదివారం పొద్దున ఒక పెద్దాయన నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగాడు. నేను లేదన్నాను. అది అబద్ధం. అంతకు ముందురోజు నేను చేసిన పొరపాటు చిన్నదే, తొందరలో ఎవరైనా చేసేదే. దాన్ని దాచడానికి ఆ ఒక్క మాట అన్నాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

నేను క్యాంపస్‌లో ఇంజినీరింగ్ పిల్లలకు యంత్రాల పాఠాలు చెబుతాను. తార్నాకలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నాకొక పాత చిన్న కారు ఉంది. వెనక సీట్లు పీకేసి, గట్టి స్ప్రింగులు వేయించి, ఎప్పుడైనా సెలవు దొరికితే ఊరి బయటి రేస్ ట్రాక్ మీద తిప్పుకోవడానికి ఉంచుకున్నాను. పందేలు గెలిచేంతవాణ్ణి కాదు. ఈ వేసవిలో దానికి రెండో గేరు వేసినప్పుడల్లా కర్రుమనడం మొదలైంది. గేర్‌బాక్సు దించి, విప్పి, లోపల అరిగిపోయిన ఇత్తడి రింగు మార్చాలి. ఆ రింగు ఏం పని చేస్తుందో పదిహేనేళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. ఒక్కసారైనా గేర్‌బాక్సు నా చేత్తో విప్పింది లేదు.

కాలేజీ వర్క్‌షాపులో సొంత బండ్లు పెట్టకూడదు. అందుకని మాణికేశ్వర్ నగర్‌లో ఇంటి ముందే పని చేసుకునే ఒక మెకానిక్‌ను మా పార్కింగ్‌కే రమ్మన్నాను. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. అరవై దాటాయి. ఆ మధ్యే ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వచ్చిన రోజే నాతో అన్నాడు:

"కన్ను చేపిచ్చుకున్నకాణ్నుంచి గేర్‌బాక్సు ముట్టలే సార్. ఇంట్లోళ్లు పంచర్లు ఏసుకో చాలంటున్రు. ఇదొక్కటి మంచిగైతే నాకు ధైర్యమొస్తది. కాకుంటే ఇగ గేర్ల పని బందే."

మా పార్కింగ్ స్థలం రెండు స్తంభాల మధ్య ఉంటుంది. ఆ కారులో గేర్‌బాక్సును ఎడమవైపుకే లాగాలి. ఎడమవైపు స్తంభం. ఎలా చూసినా మూరెడు చోటు తక్కువైంది. చివరికి కారును ఏటవాలుగా పెడితే ముందు చక్రాలు పక్కవాళ్ల స్థలంలోకి వెళ్లాయి. ఆ స్థలం భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక రిటైర్డ్ టీచర్‌గారిది.

"ఏవయ్యా, నా స్కూటీని మేడ మీదికి ఎక్కించుకోమంటావా?" అన్నారావిడ.

"రెండ్రోజులేనండీ టీచర్‌గారూ. ఎడంపక్క స్తంభం అడ్డం వస్తోంది."

"మీ పాఠాల్లో స్తంభాలుండవు కాబోలు."

శుక్రవారం సెలవు పెట్టాను. ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో ఆపి, ఉస్తాద్ కారు కిందికి దూరాడు. పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు లేదు. నేను బోర్లా పడుకుని పానాలు అందించాను. "పది కాదు సార్, పన్నెండు" అని మూడుసార్లు అనిపించుకున్నాను. సాయంత్రానికి గేర్‌బాక్సు ఆయన ఛాతీ మీదికి దిగింది. ఇద్దరం కలిసి దాన్ని పాత టైరు మీదికి దొర్లించాం.

శనివారం పొద్దున విప్పాడు. నేల మీద ఉతికిన తెల్ల లుంగీ పరిచి, తీసినవి తీసినట్టు వరుసగా పెట్టుకుంటూ పోయాడు. ఏది ముందు వచ్చిందో అది మొదట. పైకి ఉన్న ముఖం పైకే. ఆయన ఏదీ రాసుకోడు, సుద్దతో గుర్తులు పెట్టడు. ఫోన్‌లో ఫొటోలు తీసిపెట్టనా అని అడిగాను.

"ఫోన్ల చూస్కుంట బిగిస్తే రేపు ఫోనే నడుపుతది సార్ బండి" అని నవ్వాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్తూ మాత్రం నవ్వకుండా చెప్పాడు. "ఈ బట్ట ఎవరు ముట్టొద్దు. మీరు సుత."

ఆయన వెళ్లిన కాసేపటికి బాల్కనీ నుంచి టీచర్‌గారు పిలిచారు. మెట్టుగూడలో చెల్లెలి ఇంటికి వెళ్లాలట, స్కూటీ తీయాలట. బట్ట దారికి అడ్డంగా ఉంది. ఒక్క అరగంట ఆగమంటే ఆవిడ ఆగేవారే. రెండు రోజులుగా సణుగుతున్నారు కదా, మళ్లీ మాట పడటం ఎందుకనుకున్నాను. లుంగీ అంచు పట్టుకుని గోడ వైపుకు లాగాను. నాలుగైదు సామాన్లు దొర్లాయి. వాటిని ఎక్కడివక్కడ సర్దాను. ఆవిడ దిగి వచ్చేసరికి అంతా ముందున్నట్టే కనిపించింది. వాటిలో అరచేయంత పళ్ల చక్రం ఒకటి ఉంది. రెండు వైపులా నాకు ఒకేలా కనిపించింది. ఏదో ఒక వైపు పైకి పెట్టాను.

ఉస్తాద్ వచ్చి, అరిగిన రింగు బదులు కొత్తది పెట్టి, బట్ట మీది వరుసను వెనక నుంచి ముందుకు బిగించుకుంటూ పోయాడు. చెయ్యి దానంతటదే వెళ్లి వస్తువును అందుకుంటోంది. బట్ట జరిపానని చెప్పకుండా నేను పానాలు అందించాను. చీకటి పడకముందే గేర్‌బాక్సు కారులోకి ఎక్కింది.

ఆదివారం పొద్దున క్యాంపస్ రోడ్ల మీదికి తీసుకెళ్లాం. వాకింగ్ చేసేవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఉస్తాదే నడిపాడు. రెండో గేరు వెన్నలా పడింది. ఆయన నా వైపు చూసి తల ఊపాడు. మూడోది కూడా పడింది, కానీ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే టక్కుమని బయటికొచ్చేసింది. మళ్లీ వేశాడు. మళ్లీ వచ్చేసింది. చెట్ల కింద బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి అడిగాడు.

"సార్, నేను తినొచ్చేటాళ్లకు బట్ట ఎవరన్న ముట్టిండ్రా?"

సరిగ్గా అప్పుడే నా స్టూడెంట్లు ఇద్దరు పక్క నుంచి వెళ్తూ "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. వాళ్లకు తలూపి, అదే ఊపులో "లేదు ఉస్తాద్" అన్నాను. వాళ్ల ముందు చిన్నతనమవుతుందనుకున్నానేమో. వాళ్లు లేకపోయినా అదే అనేవాడినని ఇప్పుడు తెలుసు.

"అయితే నా కండ్లే" అన్నాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. బండి తాళం నాకిచ్చి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

పార్కింగ్‌లో టీచర్‌గారు ఎదురై "అయిందా?" అన్నారు.

"లేదండీ. పెద్దాయన కదా, చూపు ఆనినట్టు లేదు."

"అయ్యో పాపం. మా అల్లుడి కారు ఆయనకే చూపించమందామనుకున్నా. ఇంక వద్దని చెప్తాలే."

పైకి వెళ్లి ఆ కారు మాన్యువల్ తెరిచాను. పళ్ల చక్రానికి నడుమ ఉండే బొడ్డు ఒక వైపు గోరు మందం ఎక్కువ ఉంటుందట, తిరగేసి బిగిస్తే గేరు నిలవదట. బొమ్మ కూడా ఉంది. అప్పటిదాకా ఖాయంగా తెలియదు కదా అనే సాకు ఒకటి మిగిలి ఉండేది. అదీ పోయింది.

సోమవారం క్లాసు కాగానే మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. ఉస్తాద్ ఇంటి ముందు ట్యూబు నీళ్లలో ముంచి పంక్చరు వెతుకుతున్నాడు. పక్క దుకాణం మెకానిక్, ఇంకో ఇద్దరు అక్కడే చాయ్ తాగుతున్నారు.

"ఏందే ఉస్తాద్, గేర్లు ఇప్పే సామాన్లు నాకే ఇస్తనంటివి. ఎప్పుడు ఇస్తవే?" అంటున్నాడు పక్క మెకానిక్.

"తీస్కపోరాదు, గాడ సంచిల ఉన్నయ్."

నేను ఆయనను పక్కకు పిలవాలనుకున్నాను. పిలిస్తే మళ్లీ దాచినట్టే అనిపించి అందరి ముందే చెప్పాను. బట్ట లాగింది నేనే, చక్రం తిరగబడింది నా చేతిలోనే, అడిగితే లేదన్నదీ నేనే.

ఆయన ట్యూబు వదల్లేదు. నీళ్లలో బుడగలు వస్తూనే ఉన్నాయి.

"నిన్న అడిగిన గద సార్."

"అడిగావు."

"రాత్రంత చేతులు సూస్కుంట కూసున్న." ట్యూబు పైకి తీసి అడిగాడు. "ఇంకెవలకన్న చెప్పిండ్రా, నా కండ్లు మంచిగ లేవని?"

చెప్పానన్నాను.

"ముందుగాల ఆళ్లకు చెప్పి రాండ్రి. బాక్సు మీరే దించి గీడికి తేండ్రి. నేను కారు కింద దూర."

ఆ సాయంత్రమే టీచర్‌గారి తలుపు కొట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ లోపలికి రమ్మనలేదు. "నా స్కూటీ కోసమా? నన్ను ఆగమంటే నేనేం కొరికేస్తానా? ఆయన్ననడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా" అన్నారు. నా ముందే అల్లుడికి ఫోన్ చేసి, తప్పు మెకానిక్‌ది కాదని చెప్పారు. తప్పు ఎవరిదో కూడా చెప్పారు.

ఉస్తాద్ ఒక్క పూటలో దించిన బాక్సు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మోచేతులు దోక్కుపోయాయి. దాన్ని ఆటోలో వేసుకుని మాణికేశ్వర్ నగర్ తీసుకెళ్లాను. పక్క మెకానిక్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఉస్తాద్ విప్పి, ఆ చక్రాన్ని బయటికి తీసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, బొటనవేలితో రెండు వైపులా తడిమాడు. తర్వాత పక్కతనికి అందించాడు.

"ఉల్టా ఉన్నదే" అన్నాడు అతను.

"నేను బట్ట మీదున్నది ఉన్నట్టే ఏసిన" అన్నాడు ఉస్తాద్, నా వైపు చూడకుండా. చక్రం తిప్పి బిగించాడు. మిగతాదంతా ఒక్కడే చేసుకున్నాడు. నేను సాయానికి వంగితే చేత్తో వద్దన్నాడు. గేర్ల సామాన్ల సంచిని మళ్లీ ఇంట్లో పెట్టమని పక్క మెకానిక్‌తో అన్నాడు.

బాక్సును కడుపుకు ఆనించుకుని నేనే ఆటో దాకా మోశాను. మర్నాడు సాయంత్రం స్తంభానికీ కారుకీ మధ్య ఇరుక్కుని దాన్ని ఎక్కించాను. ఉస్తాద్ వచ్చి, వంగి, చెయ్యి లోపలికి పెట్టి ఒక్కో బోల్టునూ కదిపి చూశాడు. రెండు వదులుగా ఉన్నాయన్నాడు. నేను మళ్లీ కిందికి దూరి వాటిని బిగించాను.