మీటరు మీద బొట్టుబిళ్ల

మా తాత కిష్టప్ప గొర్రెను ఎత్తి చూసి బరువు చెబుతాడు, పళ్లు చూసి వయసు చెబుతాడు. బంట్వారం వైపు ఆయన మాటకు ఎదురులేదు. తన మోటారుసైకిల్ బండి దగ్గర కూడా ఆయనది గొర్రెల తెలివే. వికారాబాద్‌లో కొత్త బ్యాటరీ కొన్నప్పుడు దాన్ని రెండు చేతులా ఎత్తి, ఊపి, "పిల్ల బలంగనే ఉంది" అన్నాడు. పళ్లు చూపించమని అడగలేదు, అదే నయం.

పాత బ్యాటరీ పోయిన వారం కొడంగల్ దారిలో ప్రాణం విడిచింది. పెళ్లికి బయలుదేరిన మా అవ్వ శంకరమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎండలో బండిని నెట్టింది. "మల్ల గిది ఎక్కితే నా పేరు శంకరమ్మనే కాదు" అని ఒట్టు పెట్టుకుంది.

ఆదివారం బొంరాస్‌పేటలో ఆమె చెల్లెలి మనవరాలిని తొట్టెలలో వేసే వేడుక. అవ్వ బస్సులో పోతానంది. తాతకు దిగులు పట్టుకుంది. వెనక కూర్చుని అవ్వ "గుంత! గుంత!" అని అరవకపోతే ఆయనకు రోడ్డే కనబడదు. అందుకే శనివారం పొద్దున్నే పానాలు పట్టుకుని తానే బ్యాటరీ మార్చాడు.

బాగానే బిగించాడు. కాకపోతే చెయ్యి పట్టడం లేదని పక్కనున్న ఒక సన్న వైరు ఊడదీసి, అది తిరిగి పెట్టకముందే తాళం తిప్పాడు. మీటరులో, బండికి ఏదో తేడా ఉందని చెప్పే పసుపు దీపం వెలిగింది. తర్వాత వైరు పెట్టాడు, బండి కూడా స్టార్టయింది. దీపం మాత్రం ఆరలేదు.

"అవ్వ చూస్తే ఎక్కదు తాతా," అన్నాను.

"చూస్తేనే గద!"

లోపలికి పోయి, అవ్వ అద్దానికి అంటించుకున్న బొట్టుబిళ్ల పీక్కొచ్చి దీపం మీద అతికించాడు. బండికి పెళ్లికళ వచ్చింది.

కాసేపటికి అవ్వ బయటికి వచ్చింది. "నా బొట్టేది? అద్దానికే ఉండె." బండిని చూసి గోటితో బొట్టు లేపింది. "ఏందయ్యా గీ లైటు?"

"ఊకెనే ఎలుగుతది."

"ఊకెనే ఎలిగేదానికి బొట్టెందుకు? నేను బస్సుల్నే వోత."

తాతా నేనూ తాండూరు పోయాం. మెకానిక్ మత్తయ్య ఫోనంత మిషన్ ఒకటి బండికి తగిలించి చూశాడు.

"కాకా, ఇప్పుడు రోగమేం లేదు. వైరు ఊడినప్పుడు నువ్వు తాళం తిప్పినవ్. గా తప్పును బండి యాదివెట్టుకుంది."

"సరిచేసిన గద?"

"తుడిచేదాంక మరువదు." మత్తయ్య మీట నొక్కాడు. దీపం ఆరిపోయింది. "తాళం తిప్పంగనే జర ఎలుగుతది, స్టార్టయితే పోతది. పరేషాన్ గాకు."

తాత ఆ మిషన్‌ను ఆశగా చూశాడు. "మా ఇంట్ల గూడ గిట్లాంటిదొకటి ఉన్నది. మరువదు. దానికి గూడ తగిలిస్తవా?"

ఇంత మంచి మాటను ఇంటికి మోసుకుపోకుండా నేనెలా ఉంటాను?

ఆదివారం అవ్వ సంచితో సహా మీటరు ముందు నిలబడింది. తాత తాళం తిప్పాడు. దీపం వెలిగింది. అవ్వ బస్టాండు వైపు తిరిగింది.

"ఆగే, ఆగు! స్టార్టు గానియ్యి!"

బండి గురగురమంది. దీపం ఆరింది. అవ్వ ఇంకాసేపు దాన్ని అనుమానంగా చూసి, తాత భుజం పట్టుకుని ఎక్కింది.

"నన్ను తుడువనీకి మిషన్ అడిగినవంట?"

తాత నా వైపు గుడ్లురిమి చూశాడు.

"అన్నీ తుడువు. నేను బండి నెట్టింది మాత్రం ఉండనీ."

బండి సందు మలుపు తిరిగింది. వెంటనే "గుంత!" అన్న కేక వినబడింది. ఆ సందులో గుంతలు లేవు.