గుడి వంటింటి ఇనప పొయ్యి

రిటైర్మెంట్‌కు ముందు ఏడాది నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా వెల్డింగ్ విభాగం చూస్తున్నాను. దసరాకు నెల ముందు, ట్రాఫిక్ కాలనీలోని మా గుడి కమిటీవారు ఒక పని అప్పగించారు. నైవేద్యం వండే పోత ఇనప పొయ్యి ఇంగ్లీషువాళ్ల కాలం నాటిది. పైపలక పగిలింది, తలుపు సరిగా మూసుకోదు, గది నిండా పొగ. అక్కడ వండే సూరమ్మగారికి దగ్గు పట్టుకుంది. పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నైవేద్యం కట్టెల మీదే వండాలన్నది గుడి నియమం. పొయ్యి బాగుపడకపోతే ఆమె వంట మానుకోవాలి.

“ఇంజిన్లు బాగుసేసినోరు, మీకు ఈ పొయ్యి ఏపాటిది బాబూ?” అన్నారామె.

నిజానికి పోత ఇనుము మహా మొండిది. ఒకచోట వేడెక్కి పక్కన చల్లగా ఉంటే పగులుతుంది. అందుకే మా టెక్నీషియన్ ధనలక్ష్మిని రమ్మన్నాను. డ్యూటీ అయ్యాక సుభాష్‌పల్లిలోని ఇంటికి పోకుండా స్కూటీ మీద నేరుగా గుడికి వచ్చేది.

ధనలక్ష్మి పలకను కాస్త వేడిచేసి, నికెల్ వెల్డింగ్ రాడ్‌తో పగులును అతికింది. మేం టీ తాగుతుండగా టంగుమని శబ్దం. అతుకు పక్కనే కొత్త పగులు. కమిటీకి ఏం చెప్పాలా అని నేను ఆలోచనలో పడ్డాను. ఆమె అప్పటికే గ్రైండర్ అందుకుంది.

“బేగి సల్లారిపోనాది సార్. మొత్తం గీకీసి మల్లీ కొడతాను,” అంది.

ఈసారి పలకంతా నిప్పుల్లో సమంగా కాల్చింది. కొంచెం కొంచెంగా అతుకుతూ, అతికిన ప్రతి ముక్కనీ చిన్న సుత్తితో తట్టింది. చివరికి వేడి బూడిదలో పూడ్చిపెట్టింది. మర్నాటి సాయంత్రం దాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, పై అధికారినైన నన్ను కూడా. బయటికి తీస్తే అతుకు చెక్కుచెదరలేదు. నా సర్వీసులో అంత చక్కని పని కొద్దిసార్లే చూశాను.

తర్వాత పొయ్యి లోపల అగ్గిటుకలు పేర్చాం. తలుపు అంచుకు వేడి తట్టుకునే తాడు బిగించాం. మంట పైభాగానికి వేడిగాలి అందేలా సన్నటి రంధ్రాలు పెట్టాం. ఆ గాలితో పొగ కూడా చాలామటుకు మండిపోతుంది. పొగగొట్టాన్ని కప్పు కంటే ఎత్తుకు లేపాం.

మొదటి వంట రోజున సూరమ్మగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చారు. కాసేపటికి కొంగు దించి, “ఇదేటమ్మా, అసలు మంట ఎలుగుతున్నాదా?” అంటూ తలుపు తీసి చూశారు. ధనలక్ష్మి పకపకా నవ్వింది. ఆ దసరాకే కాదు, ఆ తర్వాత కూడా నైవేద్యం సూరమ్మగారే వండారు.

అంతకుముందు వెల్డర్లకు పరీక్ష పెడితే అతుకు చూసి మార్కులు వేసేవాణ్ణి. మిగిలిన సర్వీసులో, అతుకు విరిగినప్పుడు వాళ్లేం చేస్తారో చూశాకే పాసైనట్టు సంతకం పెట్టాను.