వారానికి రెండుసార్లే

బిట్రగుంట దగ్గర ఒక బాలికల హైస్కూల్లో నేను ఆటల టీచర్ని. ఖోఖో అంటే నాకు ప్రాణం. గ్రౌండు ఈ చివర నిలబడి నేను అరిస్తే ఆ చివర కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి లేచేది. అలాంటి గొంతు పోయినేడాది స్కూళ్లు తెరిచిన కొత్తలో బొంగురుపోయింది. జలుబనుకున్నాను. మిరియాల పాలు తాగాను, అల్లం నమిలాను. నెల దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి నోట్లోంచి మాటకు బదులు గాలి వచ్చేది.

నెల్లూరులో గొంతు డాక్టరుగారు సన్నటి కెమెరాతో చూసి, స్వరతంత్రుల మీద చిన్న బొడిపెలున్నాయన్నారు. అరిచి అరిచి వచ్చినవేనట. ఆపరేషన్ మాట తర్వాత చూద్దాం, ముందు వాయిస్ థెరపీ చేయించుకోమని పక్క గదికి పంపారు. గొంతుకు కూడా కోచింగ్ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అప్పటిదాకా ఉన్న భయం పోయి హుషారొచ్చింది.

థెరపిస్టు నాకంటే బాగా చిన్నమ్మాయి. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు ఊదుతూ "ఊ" అనమంది. పెదవులు జుమ్మన్నాయి.

"ఇప్పుడు మీ ఊరి పేరు చెప్పండక్కా" అంది.

చెప్పాను. ఎన్నో రోజుల తర్వాత ఒక్క మాట శుభ్రంగా బయటికొచ్చింది! తర్వాతి మాట మళ్లీ గరగరమంది, అది వేరే సంగతి. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"అమ్మా, నేను రోజూ వస్తా. చలికాలానికి పోటీలుండాయి. నెలలో బాగు చేసెయ్."

ఆమె నవ్వింది. "రోజూ రాబాకండక్కా. మొదట వారానికి రెండుసార్లు చాలు."

"రెండేనా?"

"కొత్తగా చేరిన పిల్లకి ఒక మెలకువ చూపించినాక మీరేం చేస్తారు?"

"కొన్నాళ్లు వదిలేస్తా. వాళ్లంతట వాళ్లు చేసుకుంటేనే వస్తాది."

"గొంతుకీ అంతే. ఇక్కడ నేర్చుకునేది కొంచెం. ఇంటికాడ రోజుకి నాలుగైదుసార్లు, కాసేపు కాసేపు చేస్తేనే అలవాటవుతాది. అట్టాగని మరీ దూరం పెడితే, మీరు తప్పు చేస్తుంటే నాకు తెలీదు కదా. కుదురుకున్నాక వారానికి ఒకసారి, ఆ తర్వాత పదిహేను రోజులకి చేద్దాం. ఇది అందరికీ ఒకే లెక్క కాదు. మీ గొంతెట్టుందో చూసి మారుస్తా."

ఇక మంగళవారం, శుక్రవారం ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడటమే నా పని. స్టాఫ్‌రూంలో నేను నీళ్లలో బుడగలు ఊదుతుంటే పిల్లలు కిటికీలోంచి చూసి పడీ పడీ నవ్వేవాళ్లు. నాకూ నవ్వొచ్చి బుడగలు ముక్కు మీదికి ఎగిరేవి.

నెల తిరక్కుండానే ఒక శుక్రవారం ఆమె నాచేత "మ్" అనిపించి, దాన్ని "మో" చేయించి, ఉన్నట్టుండి "ఇప్పుడు ఖో అనండి. అరవబాకండి, ముందుకు వదలండి" అంది. వదిలాను. ఏ బలమూ పెట్టలేదు. గదంతా నిండిపోయింది! బయట బెంచీ మీదున్న ముసలమ్మ తలుపు తోసి తొంగిచూసింది. థెరపిస్టూ నేనూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నాం.

"వచ్చే వారం నుంచి ఒకసారే రండక్కా" అంది వెంటనే. నన్ను వదిలించుకుంటోందేమో అనుకున్నాను. మెట్లు దిగుతుంటే అర్థమైంది, పై తరగతికి పంపిందని. పక్షానికోసారి వెళ్లే రోజులొచ్చేసరికి డాక్టరుగారు మళ్లీ కెమెరా పెట్టి, బొడిపెలు బాగా తగ్గాయన్నారు.

పోటీల రోజున మా కెప్టెన్ వచ్చి, "మేడం, మీరు ఊరికే కూసోండి, మేం చూసుకుంటాం" అంది. కూర్చోవడం నా వల్ల అయ్యే పనా? విజిలూ చేతి సైగలతో గీత పొడవునా పరుగెత్తాను. ఫైనల్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి క్షణాల్లో మా కెప్టెన్ వేళ్ల కొసతో అవతలి పిల్ల వీపును తాకింది. గెలిచాం! గ్రౌండంతా అరిచింది, నేను తప్ప. నేను గెంతాను.

బహుమతులిచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పమని మైకు నాకిచ్చారు. నోరు తెరిచాను. నా గొంతు స్పీకర్లలోంచి, నీళ్లలా తేటగా, గేటు బయట ఐస్‌క్రీం బండి దాకా వెళ్లింది. రెండు మాటలకు ఇస్తే చాలాసేపు మాట్లాడాను. చివరికి నిర్వాహకులే వచ్చి మైకు తీసుకోవలసి వచ్చింది.