దక్షిణం వైపు మబ్బు

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. తెర మీద మావయ్య నంబరు. "మబ్బుంది" అనే మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకునే ఎత్తాను. మాట్లాడింది అత్తయ్య. "మీ మావయ్య మరి లేరమ్మా. టీ తాగుతా కుర్చీలోనే ఒరిగిపోయేరు," అంది. నేను చెప్పబోయిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మావయ్య అంటే చుట్టం కాదు. ఉక్కునగరంలో మా పక్క క్వార్టర్ ఆయన, స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. డ్యూటీ అంతా ఎత్తున చిన్న గదిలో కూర్చుని కిందికి చూసేవారు, ఇంటికొచ్చాక పైకి చూసేవారు. ఒక పాత బైనాక్యులర్, ఒక రూళ్ల నోటుబుక్కు, అంతే ఆయన సరంజామా.

ఆకాశం మొత్తంలో ఆయనకి ముద్దొచ్చేది ఒమెగా సెంటారి. లక్షల నక్షత్రాలు ఒక్కచోట ముద్దకట్టిన గుంపు, బైనాక్యులర్లో మాత్రం చిన్న మబ్బు తునకలా ఉంటుంది. విశాఖ నుంచి దక్షిణాన, సముద్రం మీద కిందుగా కనిపిస్తుంది. మే నెలాఖరున, జూన్ మొదట్లో, వెన్నెల లేని రోజుల్లో, ఎనిమిదిన్నర తొమ్మిదిన్నర మధ్య చూడాలి. ఆ తర్వాత వానలొచ్చి తలుపేసేస్తాయి. ప్లాంటు వెలుగు వెనకపడాలంటే అప్పికొండ ఒడ్డుకి పోవాలి. చిత్త నక్షత్రం నుంచి దాన్ని పట్టుకునే పద్ధతి కూడా ఆయనదే. "సిత్త సుక్క కనబడ్డాదా? అక్కడ్నుంచి హుక్కు దింపినట్టు తిన్నగా కిందకి దింపు. సెయ్యి సాపి మూడున్నర పిడికిళ్లు. ఆగు. అదే."

ఎనిమిదో తరగతిలో నన్ను మొదటిసారి స్కూటర్ మీద తీసుకెళ్లారు. ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. ఆయన చిన్నబుచ్చుకుంటారని "కనబడింది" అన్నాను. ఆయన బైనాక్యులర్ వైపు చూసి, "మూత తియ్యలేదు కదమ్మా," అన్నారు. నవ్వలేదు. నోటుబుక్కు నా చేతికిచ్చి, "సూడలేదని రాయి. సూడకపోతే తప్పేటి లేదు. సూసినట్టు రాత్తేనే తప్పు," అన్నారు. ఆ రాత్రి మూత తీసి చూశాను కూడా. రాసింది మాత్రం అలాగే ఉంచారు. ఆ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు. తప్పు రాస్తే కింద కొత్త వరసలో సరిచేసుకోవాలి.

రిటైరయ్యాక క్వార్టర్ వదిలేసి కూర్మన్నపాలెంలో ఫ్లాట్‌కి మారారు. బాల్కనీకి ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ. మోకాళ్లు అరిగి స్కూటర్ అమ్మేశారు. నేనుండేది గాజువాకలో, మేడకి ఒక్క అంతస్తు కింద. మా ఒప్పందం చిన్నది: ఆయన ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు, నేను మేడెక్కి దక్షిణం చూస్తాను, తేటగా ఉంటే నా బండి మీద అప్పికొండ.

ఈ మే నెలాఖరులో ఆయన ఫోన్ చేసిన మొదటి రోజు నిజంగానే మబ్బు. రెండో రోజు అచ్యుతాపురంలో డ్యూటీ దిగి ఫ్యాక్టరీ బస్సెక్కి, ఇల్లు చేరి అప్పుడే మంచం మీద వాలాను. "ఏటి సేత్తన్నావమ్మా? దచ్చినం ఎలాగుంది?" అన్నారు. మేడకి పద్దెనిమిది మెట్లు. పడుకునే "మబ్బుంది మావయ్యా," అన్నాను. "సర్లే. అలిసిపోయుంటావు. తిని తొంగో," అన్నారు. ఆ మాటకి సిగ్గుపడాల్సింది. హాయిగా నిద్రపోయాను. మూడో రోజు నుంచి అబద్ధానికి ఆలోచించే పని కూడా లేకపోయింది.

ఒకరోజు అలా చెప్పిన అరగంటకి కరెంటు పోయింది. గాలికోసం మేడెక్కాను. ఆకాశం కడిగినట్టుంది. చిత్త నుంచి పిడికిళ్లు దింపితే, కంటికి ఆనీ ఆనకుండా, అది అక్కడే ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది. బండి తీస్తే అరగంటలో ఒడ్డుకి చేరేవాళ్లం. కానీ ఇప్పుడు చేస్తే ఇందాకటి అబద్ధం బయటపడుతుంది కదా అనుకున్నాను. చెయ్యలేదు. ఈ ఏడు దాన్ని చూసింది నేనొక్కదాన్నే. చూడాల్సిన మనిషి గోడకి ఎదురుగా కూర్చున్నారు.

పెద్దకర్మ రోజున అత్తయ్య నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. "నువ్వు సెప్పినవన్నీ రాసుకునీవోరమ్మా. సొంత కూతురైనా ఇంత ఓపిగ్గా సూసి సెప్పదు అనీవోరు," అంది. చివరి పేజీలో వరసగా పది రోజులు. ప్రతి వరసలోనూ అదే గుండ్రటి రాత: మబ్బు. చూసినది, అమ్మాయి. ఇన్నేళ్ల పుస్తకంలో ఆయనది ఒక్క అబద్ధమూ లేదు. ఉన్న తొమ్మిదీ నావే. అత్తయ్యకి చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నా తల నిమిరింది. నోరు మూసుకున్నాను.

అందుకే ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే నా సంగతే రాయాల్సి వస్తోంది. "అలిసిపోయాను, ఇవాళ చూడలేదు మావయ్యా," అంటే సరిపోయేది. ఆయన అదే రాసుకునేవారు. ఆ మాట రాయడం నాకు నేర్పింది ఆయనే.

నిన్న సాయంత్రం ఎనిమిదింటికి పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. పుస్తకం తెరిచి, ఆయన రాసిన ఆఖరి వరస కింద రాశాను: "పైన రెండో రోజు నుంచి తొమ్మిది రోజులూ చూడకుండానే చెప్పాను." ఇంకో వరస రాయడానికి ముందు చెయ్యి చాపి, చిత్త ఉండాల్సిన చోటు నుంచి మూడున్నర పిడికిళ్లు కిందికి దింపాను. అక్కడ మబ్బుంది. నిజంగానే ఉంది.