వరహాలమ్మ నుయ్యి

రాయపూర్‌లో రైలుపట్టాల వెనక వీధిలో వరహాలమ్మ ఇంటి నుయ్యి ఎన్నడూ ఎండి ఎరగదు. ఆమె విజయనగరం నుంచి కాపురానికి వచ్చిన ఏడు మామగారు తవ్వించినది. రైల్వేలో పనిచేసే భర్త పోయాక ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే.

ఆ మధ్య వీధి వెనక వరిచేలు కాస్తా కాలనీ అయ్యాయి. ఇంటింటా బోరు పడింది. ఎనభై ఏడులో వానలు మొహం చాటేశాయి. మరుసటి వేసవికి చేంతాడు చాలక ముడులు వేసి పొడుగు చేసుకోవలసి వచ్చింది. తెల్లారుతూనే వరహాలమ్మ బొక్కెన జారవిడిచి, అది నీటిని తాకే చప్పుడు కోసం ఊపిరి బిగబట్టేది.

ఒకరోజు పక్కింటి దానయ్య పెరట్లోకి బోరు మిషన్ వచ్చింది. వరహాలమ్మ పరుగున వెళ్లి, సున్నంతో గుర్తు పెట్టిన చోట చతికిలబడింది.

"లెగు వొదినా! నల్లా నీళ్లు రావు, టాంకర్ రాదు. కోడలికి నెలలు నిండినాయి. నన్నేటి సెయ్యమంతావు?" అన్నాడు దానయ్య.

"బోరింగ్ ఏస్తే నా నుయ్యి సస్తాది. కాలనీలో సూడు, ఎన్ని బోర్లు గాలి కక్కుతున్నాయో! రేపు నీదీ అంతే. నా నూతిలో సగం నీదనుకో. అదెండిననాడు నానే మిషన్ని పిలుత్తాను."

దానయ్య మిషన్ వాళ్లను పంపేశాడు.

ఆ రోజు నుంచి ఆమె బెంగ రెట్టింపయింది. మాట ఇచ్చింది గాని నీళ్లు ఇవ్వాల్సింది భూమి కదా! దానయ్యకు మనవడు పుట్టాడు. మే నెల నడుమ బొక్కెన నిండా బురదే వచ్చింది.

వరహాలమ్మ రెండిళ్ల నడిమి గోడ దగ్గరికి వెళ్లి, "పిలు మరిదీ మిషన్ని," అంది.

దానయ్య పిలవలేదు. పంచె ఎగగట్టి, నడుముకు తాడు కట్టుకుని తానే నూతిలోకి దిగాడు. కొడుకు పైనుంచి పూడిక లాగుతున్నాడు. వరల మధ్యనుంచి మట్టి రాలినప్పుడల్లా వరహాలమ్మ గట్టు మీంచి వంగి చూసింది. "పైకొచ్చీ మరిదీ, నీళ్లొద్దు ఏటొద్దు!" అని అరిచింది. మధ్యాహ్నానికి కిందనుంచి కేక వినిపించింది: "వొదినా, ఊట!"

సన్నని ఊటే. తాగడానికీ, పసివాడి స్నానానికీ సరిపోయింది. అంట్లు బూడిదతో తోముకున్నారు. జూన్ చివర తొలి వాన పడేదాకా అలాగే నెట్టుకొచ్చారు.

ఆ వానాకాలం రెండిళ్ల కప్పుల నీళ్లనూ ఇసక గుంటలో వడగట్టి నూతిలోకి మళ్లించారు. నీటిమట్టం కొంత పైకి వచ్చింది. కాని కాలనీలో మరో మేడకు పునాదులు తీస్తున్నారు. ఆ ఇంటివాళ్లకూ ఈ ఇసక గుంట సంగతి చెప్పాలని, దానయ్యను వెంటబెట్టుకుని వరహాలమ్మ అటు బయలుదేరింది.